పీలికలతో చిన్న బొంత: నమూనా గీయకుండా కుట్టే పద్ధతి

జాకెట్లు కుట్టించాక మిగిలిన ముక్కలు, పిల్లలకు పొట్టి అయిపోయిన గౌన్లు, కాలరు అరిగిన చొక్కాలు ఏ ఇంట్లోనైనా ఒక మూటలో పడి ఉంటాయి. వాటితో 36 అంగుళాల చదరపు బొంత కుట్టే పద్ధతి ఇది. పసిపిల్లల కింద పరచడానికి, టీవీ ముందు కాళ్ల మీద కప్పుకోవడానికి, దీవాను మీద వేయడానికి ఈ కొలత చాలు. ముందుగా కాగితం మీద బొమ్మ గీయం, ముక్కల లెక్క కట్టం. ఒక ముక్క పక్కన ఇంకొకటి పెట్టి చూడటం, నచ్చితే కుట్టడం, నచ్చకపోతే అడ్డంగా కోసి మధ్యలో మరో పట్టీ దూర్చడం. అంతే.

అలాగని నియమం అసలే లేదనుకోవద్దు. ముక్కకు కొలత లేకపోయినా కుట్టుకు ఉంది. ప్రతి కుట్టూ అంచు నుంచి సరిగ్గా పావు అంగుళం లోపల పడాలి. ఇది నిలబడితే మిగతా ఏ తేడానైనా తర్వాత సర్దుకోవచ్చు.

మొదటిసారే డబుల్ కాట్ దుప్పటికి దిగకండి. బొంత అంటే పీలికలతో కుట్టిన పై పొర, మెత్తని లోపలి పొరలు, అడుగు పొర. పై పొర ఎంత పెద్దదైనా కుట్టవచ్చు గానీ, పొరలన్నీ కలిపాక ఆ చుట్టను మామూలు మిషను కింద తిప్పడం నరకం. చాలా బొంతలు సగంలో అటకెక్కేది అక్కడే.

ఏ గుడ్డ, ఎంత

పై పొర వైశాల్యం మీటరు చదరానికి కాస్త తక్కువే. జాకెట్టు గుడ్డ బరువున్న నూలు అయితే నికరంగా 100 గ్రాముల పైచిలుకు. కుట్టు మడతల్లోకి, కోసి పారేసేదాంట్లోకి దాదాపు అంతే పోతుంది. కాబట్టి పావు కిలో పీలికలు ఖాయంగా సరిపోతాయి. ఎంచుకోవడానికి వెసులుబాటు కావాలంటే అరకిలో తీసుకోండి. ఇంట్లో లేకపోతే లేడీస్ టైలరు దగ్గర అడగండి, కత్తిరింపులు సంచిలో వేసి పక్కన పెడుతుంటారు.

నూలు గుడ్డే కావాలి: పాప్లిన్, కేంబ్రిక్, పెడన కలంకారీ, మంగళగిరి, నారాయణపేట, నూలు పోచంపల్లి. ఇవన్నీ ఇస్త్రీకి లొంగుతాయి, కుట్టు పెట్టిన చోట మడత నిలుస్తుంది. పట్టు, జార్జెట్, షిఫాన్, సాగే లెగ్గింగు గుడ్డ పక్కన పెట్టండి. జారే గుడ్డను నూలుకు కలిపి కుడితే నూలు నిలబడుతుంది, జారేది కింద నుంచి పాకుతూ పోతుంది, ముక్క చివర అర అంగుళం తేడా వస్తుంది. జరీ ఉన్న ముక్కలూ వద్దు. వేడి ఇస్త్రీకి ప్లాస్టిక్ జరీ ముడుచుకుపోతుంది, పైగా పసివాళ్ల ఒంటికి గుచ్చుకుంటుంది.

టైలరు సంచిలోని ముక్క నూలో పాలిస్టరో తెలియకపోతే రెండు పోగులు లాగి, పళ్లెం మీద పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. నూలు కాగితంలా కాలి, వేలితో నలిపితే బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి చివర గట్టి పూసలా మిగులుతుంది. రెండూ జరిగితే మిశ్రమం. వాడవచ్చు గానీ ఇస్త్రీ వేడి తగ్గించాలి.

రంగు పరీక్ష ఇంకా ముఖ్యం. ముదురు ఎరుపు, నీలిమందు నీలం, నలుపు ముక్కలను తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీతో అదమండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఆ ముక్కను విడిగా నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. నాలుగైదు సార్లకూ తేటపడకపోతే పారేయండి. ఉప్పు నీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందని అందరూ చెబుతారు. బజారు గుడ్డలోని రంగుకు ఉప్పు నీళ్లు చేసే మేలేమీ లేదు. కొత్త గుడ్డ ఏదైనా కుట్టే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకులో కొత్తది ముడుచుకుంటుంది, పాతది అలాగే ఉంటుంది, మధ్యలో గుడ్డ ఉబ్బుతుంది.

లోపలి పొరలకు ఒక నూలు చీర

బొంత లోపల పెట్టడానికి దుకాణంలో దొరికే పాలిస్టరు దూది పొర మన ఎండలకు ఉక్కపోస్తుంది. పాత నూలు చీరే మేలు. అయిదున్నర మీటర్ల చీర అంటే 216 అంగుళాల పొడవు, 45 అంగుళాల అటూ ఇటూ వెడల్పు. 40 అంగుళాల చొప్పున నాలుగు ముక్కలు తీస్తే ఒకటి అడుగు పొరకు, మూడు లోపలికి. ఇంకా గజంన్నర మిగులుతుంది. ముందుగా ఫాల్ ఊడదీసేయండి, ఆ పాలిస్టరు పట్టీ లోపల ఉంటే ఒక పక్క బిగుసుకుంటుంది. చీర అంచు నూలుదైతే, ముక్కలు తీయకముందే ఒకవైపు అంచును పొడవునా కోసి దాచండి, చివర్లో పనికొస్తుంది.

చీరను వెలుగుకు ఎత్తి పట్టి చూడండి. పలచబడిన చోటు కనబడుతుంది. అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కితే పటుక్కున చిరిగేది లోపలి పొరకు కూడా పనికిరాదు. చిరగకుండా పలచగా మాత్రమే ఉన్నది లోపలికి, బాగా ఉన్నది అడుగుకు.

సామాను పెద్దగా లేదు. కాలి మిషనైనా కరెంటు మిషనైనా సరే. 14 నంబరు సూది కొత్తది పెట్టండి. చీర పొరలు కుట్టేటప్పుడు 16కి మారండి. పొడవాటి కత్తెర, 12 అంగుళాల స్కేలు, సుద్ద, గుండు సూదులు, 80 దాకా పిన్నీసులు, ఇస్త్రీ పెట్టె. ఇస్త్రీ పెట్టె మిషను పక్కనే ఉండాలి, ఇంకో గదిలో ఉంటే బద్ధకించి వదిలేస్తారు. రోటరీ కట్టరు (చక్రంలా తిరిగే బ్లేడు), దాని కింద పరిచే మ్యాటు ఉంటే పని వేగంగా సాగుతుంది, లేకపోయినా ఆగదు.

పావు అంగుళం ఎలా నిలబెట్టాలి

స్కేలును మిషను ఫుట్ (సూది దగ్గర గుడ్డను అదిమిపట్టే పాదం) కింద పెట్టి, పావు అంగుళం గీత మీదికి సూదిని చేత్తో దించండి. స్కేలు అంచు ఎక్కడుందో అక్కడ మిషను పలక మీద నాలుగైదు పొరల టేపు అంటించండి. గుడ్డ అంచు ఆ టేపు గట్టును రాసుకుంటూ నడవాలి. ఇప్పుడు పరీక్ష. ఒకటిన్నర అంగుళం వెడల్పున్న మూడు పట్టీలు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయండి. మొత్తం మూడున్నర అంగుళాలు రావాలి, మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం కనబడాలి. మధ్యది తక్కువగా ఉంటే కుట్టు లోపలికి పడుతోందని అర్థం, టేపును వెంట్రుకవాసి సూది వైపు జరపండి.

కుట్టు పొడవు అంగుళానికి 12 ఉండేలా తిప్పుకోండి. మామూలు బట్టల కంటే చిన్న కుట్టు ఎందుకంటే, కుట్టిన ముక్కల్ని మళ్లీ మళ్లీ అడ్డంగా కోస్తాం. పెద్ద కుట్టయితే కోసిన చోటల్లా దారం వదులై విచ్చుకుంటుంది. మొదట్లో, చివర్లో వెనక్కి కుట్టాల్సిన పని లేదు, తర్వాతి కుట్టు అడ్డంగా పడి బిగిస్తుంది.

రంగులు

పీలికలను రంగుల వారీగా విడదీయడం కంటే లేతవి, ముదురువి, నడిమివి అని మూడు కుప్పలు చేయడం మంచిది. అనుమానం వస్తే ఫోన్ కెమెరాను నలుపు తెలుపులో పెట్టి చూడండి. వంకాయ రంగు, ఇటుక రంగు, ముదురాకుపచ్చ మూడూ ఒకే బూడిద రంగులో కనబడితే, అవి పక్కపక్కన పడ్డప్పుడు ఆకారాలు దూరం నుంచి కనబడవు.

మొత్తంలో మూడోవంతు సాదా గుడ్డ ఉండాలి. గంధం రంగో, లేత బూడిదో, నీలమో, ఒకటే రంగు అర మీటరు. అన్నీ పూల ప్రింట్లే అయితే కళ్లకు నిలిచే చోటు దొరకదు. మూటలోని ముక్కలన్నీ వాడేయాలన్న ఆశే ఇక్కడ శత్రువు. దీనికి తోడు ఒక పొగరు రంగు ఉండాలి: మిరపపండు ఎరుపో, రాణి రంగో. అది అయిదారు చోట్ల, కొంచెం కొంచెంగా, ఒకదానికొకటి దూరంగా పడాలి.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలు పాత పని బట్టలతో తరతరాలుగా ఇలా నమూనా లేని బొంతలు కుడుతున్నారు. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో వాటి ప్రదర్శన జరిగింది, 2006లో ఆ బొంతల బొమ్మలతో అక్కడి తపాలా శాఖ స్టాంపులు వేసింది. వాటి ఫొటోలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చాలావాటిలో రంగులు కొద్దే, సాదా గుడ్డ ఎక్కువ, వంకర గీతలు ధైర్యంగా పెద్దవిగా ఉంటాయి. చిన్న వంకర పొరపాటులా కనబడుతుంది, పెద్ద వంకర కావాలని చేసినట్టు ఉంటుంది.

ముక్కలు కలపడం

ఒకటిన్నర అంగుళం కంటే సన్నని ముక్క వాడొద్దు. కుట్టాక అది ఒక అంగుళమే కనబడుతుంది. అంతకంటే చిన్నదైతే వెనక రెండు మడతలు దగ్గరపడి గుడ్డ దళసరై, అక్కడ సూది విరగవచ్చు. పట్టీల అంచులు సమాంతరంగా లేకపోయినా ఫర్వాలేదు గానీ ఏ అంచుకు ఆ అంచు తిన్నగా ఉండాలి. అలలు తిరిగిన అంచును పావు అంగుళం కుట్టుతో పట్టుకోలేరు.

మొదలుపెట్టడానికి తేలికైనది చుట్టు పట్టీ. రెండున్నర అంగుళాల ముక్క ఒకటి, నాలుగు మూలలూ సమానంగా లేకపోతే ఇంకా మంచిది. దాని ఒక పక్కన రెండంగుళాల పట్టీ కుట్టి, ఇస్త్రీ చేసి, మిగిలిన చివర్లు కోసేయండి. ముక్కను తిప్పి రెండో పక్క, మూడు, నాలుగు. ఎప్పుడూ ఒకే దిశలో తిరగండి. రెండు చుట్లయ్యేసరికి ఎనిమిదిన్నర అంగుళాల ముక్క తయారవుతుంది. పట్టీని కొంచెం ఏటవాలుగా కోస్తే చుట్టు మొత్తం గిర్రున తిరుగుతున్నట్టు వస్తుంది.

రెండోది మెట్లు. ఎనిమిది అంగుళాల పొడవున్న ఎనిమిదో పదో పట్టీలను పక్కపక్కన కుట్టేయండి. ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నం ఉన్న పట్టీలు వాడుతుంటే, ఒకదాని వెడల్పు పైకి, తర్వాతిదాని వెడల్పు కిందికి పెట్టాలి. మర్చిపోతే నాలుగు పట్టీలకే విసనకర్రలా వంగుతుంది. కుట్టిన మెట్లను మళ్లీ అడ్డంగా రెండంగుళాల పట్టీలుగా కోసి, ఒకటి విడిచి ఒకటి తలకిందులు చేసి కలిపితే గళ్లు వస్తాయి.

మూడోది కోసి దూర్చడం. నమూనా లేని బొంతకు అసలు రుచి ఇక్కడుంది. కుట్టిన ముక్క చప్పగా ఉందనిపిస్తే మధ్యలో ఏటవాలుగా ఒక్క కోత కోయండి. ఆ కోతలో ఎర్ర పట్టీ పెట్టి రెండు వైపులా కుట్టండి. రెండు కుట్లలో నాలుగు అంచులు కలిసి ఒక అంగుళం మింగేస్తాయి. కాబట్టి దూర్చిన పట్టీ ఒకటిన్నర అంగుళానిదైతే ముక్క వెడల్పు అర అంగుళమే పెరుగుతుంది. ఒక్కటే గమనిక: ఏటవాలు కోతలో కుట్టేటప్పుడు రెండు భాగాల పాత గీతలూ ఎదురెదురుగా కలవవు, కాస్త జరుగుతాయి. అవి కలిసి తీరాలనుకుంటే కోయకముందే కోతకు అడ్డంగా సుద్దతో రెండు గీతలు గీసుకుని, వాటిని కలిపి గుండు సూది పెట్టండి.

ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ చేయాల్సిందే. మడతను ముదురు గుడ్డ వైపుకు ఒరిగించండి, లేత గుడ్డ కింద ముదురు మడత పడితే నీడలా కనబడుతుంది. ఇస్త్రీ పెట్టెను రుద్దకండి, ఎత్తి అదమండి. ఏటవాలుగా కోసిన అంచు, టైలర్లు క్రాస్ అంటారే అది, లాగితే సాగుతుంది, సాగింది మళ్లీ వెనక్కి రాదు. ముక్క చుట్టూ అప్పడంలా అలలు తేలుతున్నాయంటే కారణం తొంభై పాళ్లు ఇదే. ఒక అంచు క్రాస్, ఒక అంచు తిన్ననిదైతే క్రాస్ అంచు కింద ఉండేలా కుట్టండి. గుడ్డను ముందుకు నడిపే మిషను కింది పళ్లు దాన్ని కొద్దిగా కుదించి లాగుతాయి.

ఇరుక్కుపోయే చోటు ఒకటుంది: ఎల్ ఆకారపు లోపలి మూల. పెద్ద ముక్క పక్కన చిన్న ముక్క కుట్టి, మిగిలిన ఖాళీలో ఇంకోటి పెట్టబోతే ఆ మూలలో కుట్టు తిరగదు, గుడ్డ చిటికెడు పోగవుతుంది. ముందు చిన్న ముక్కలు రెండూ కలిపి, వాటి పొడవు పెద్ద ముక్కంత చేసి, తర్వాత ఒకే తిన్నని కుట్టుతో కలపండి.

నిలువు పట్టీలుగా కూర్చడం

ముక్కలన్నీ నేల మీద పరిచాక పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. ఒకటి ఎనిమిదిన్నర, ఒకటి ఆరు, ఒకటి పదకొండు. వీటిని ఎలా అతకాలి? గళ్ల ప్రకారం అమర్చే ప్రయత్నం వదిలి, మూడు నిలువు పట్టీలు అనుకోండి. వెడల్పులు తొమ్మిదిన్నర, పన్నెండున్నర, పదిహేనున్నర అంగుళాలు. ఒక్కోదాని పొడవు ముప్పై ఆరున్నర. మూడూ కలిపి కుడితే రెండు కుట్లకు ఒక అంగుళం పోయి ముప్పై ఆరున్నర చదరం వస్తుంది. ఏ పట్టీలో ఎన్ని ముక్కలు పడ్డాయో లెక్కే లేదు, పక్క పట్టీలోని గీతలతో కలవాల్సిన అవసరమూ లేదు.

ప్రతి ముక్కనూ దాని పట్టీ వెడల్పుకు తేవాలి. పెద్దదైతే కోసేయండి, అందమైన కుట్టు తెగిపోతోందని జాలిపడకండి. చిన్నదైతే ఒక పక్కన సాదా పట్టీ చేర్చండి. లెక్క ఇది: ఎంత తగ్గిందో దానికి అర అంగుళం కలిపితే చేర్చాల్సిన పట్టీ వెడల్పు. ఎనిమిదిన్నర ముక్క తొమ్మిదిన్నర కావాలంటే ఒకటిన్నర అంగుళం పట్టీ. ఖాళీ అర అంగుళమే ఉంటే ఒక అంగుళం పట్టీ అవుతుంది, అది మరీ సన్నం. అలాంటప్పుడు ముక్కను ఇంకో అర అంగుళం కోసి వెడల్పు పట్టీ పెట్టడం నయం.

పట్టీలు మూడూ కలపకముందు ఒక రోజు గోడకు పిన్ను చేసి వదిలేయండి. దూరం నుంచి చూస్తే ఎక్కడ ముదురు ముక్కలు గుంపుగా పడ్డాయో తెలుస్తుంది. పట్టీని తలకిందులు చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

పొరలు పరచడం, కుట్టడం

అడుగు పొరను మంచి వైపు నేలకు ఉండేలా గచ్చు మీద పరిచి, నాలుగు పక్కలా టేపుతో అంటించండి. ముడత లేకుండా ఉండాలి గానీ డోలక్కులా బిగించొద్దు. బిగిస్తే టేపు తీయగానే అది వెనక్కి ముడుచుకుని పైన గుబ్బలు లేస్తాయి. దాని మీద చీర ముక్కలు మూడు, ఒక్కోదాన్నీ అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమురుతూ. పైన పీలికల పొర, మంచి వైపు మీకు కనబడేలా. చుట్టూ దాదాపు రెండేసి అంగుళాలు అడుగు పొరలు బయటికి రావాలి. మధ్యలో మొదలుపెట్టి నాలుగు అంగుళాలకొక పిన్నీసు. పిన్నీసులు లేకపోతే బెత్తెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేయండి.

చీర పొరల బొంతకు చేతి కుట్టే అందం, తేలిక కూడా. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగుల్లో మూడు తీసుకోండి, లేదా కాస్త లావు నూలు దారం. దారం మూరెడు మించితే చిక్కుపడుతుంది. సూది సన్నంగా, పొడవుగా, బెజ్జం పెద్దదిగా ఉండాలి. దబ్బనం వద్దు, కన్నాలు మిగిలిపోతాయి. మధ్యవేలికి తొడుగు పెట్టుకోండి. ముడి వేసి, పై పొర మీద అంగుళం దూరంలో సూది దించి, మొదలుపెట్టాల్సిన చోట పైకి తీసి, చిన్నగా గుంజండి. ముడి పుటుక్కుమని లోపలికి దూరుతుంది. అంగుళానికి నాలుగు కుట్లు, వరుసకూ వరుసకూ ఒక అంగుళం లేదా ఒకటిన్నర. మధ్య నుంచి బయటికి వెళ్లండి, అంచుల నుంచి లోపలికి వస్తే మిగులు గుడ్డంతా మధ్యలో చేరి ముడతపడుతుంది. వరుస కాస్త వంకరైనా ఈ బొంతకు తప్పు కాదు.

మిషను మీదే కుట్టాలంటే అంగుళానికి ఏడెనిమిది కుట్లే పడేలా కుట్టు పొడవు పెంచి, ఫుట్ బిగువు మరను రెండు మూడు తిప్పులు వదులు చేయండి. రెండంగుళాల దూరంలో తిన్నని గీతలు. అన్నీ ఒకే అంచు నుంచి మొదలవ్వాలి. ఒకటి కిందికి, ఒకటి పైకి కుడితే పై పొర అటూ ఇటూ తోసుకుపోయి, గీతల మధ్య ఐమూలగా అలలు లేస్తాయి.

అంచు

ఇప్పుడు స్కేలు పెట్టి నాలుగు పక్కలా పొరలన్నీ సమంగా కోయండి. చుట్టుకొలత 146 అంగుళాలు, మూలలకు, అతుకులకు కలిపి 156 అంగుళాల పట్టీ కావాలి. ఇందాక కోసి దాచిన చీర అంచు రెండంగుళాల లోపు వెడల్పుంటే ఇంతకు మించింది లేదు: నేత గట్టిది, ఒక వైపు దానంతట అదే పోగులు పోదు, అతుకు కూడా ఉండదు. లేకపోతే కొత్త నూలు గుడ్డలో రెండున్నర అంగుళాల పట్టీలు నాలుగు, అతికి, పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయాలి. అడుగు పొరనే పైకి మడిచి కుట్టేయడం ఇంకా సులువు గానీ, అరిగేది మొదట అంచే. పాత చీర గుడ్డ ఆ పనికి చాలదు.

పట్టీని పై వైపు పావు అంగుళంలో కుట్టుకుంటూ, మూలకు పావు అంగుళం ముందే ఆగి దారం తెంపండి. పట్టీని పైకి నిలువుగా మడిచి, మళ్లీ తర్వాతి పక్క వెంట కిందికి మడిచి, అంచు మొదటి నుంచి కుట్టండి. తిప్పి వెనక్కి మడిస్తే మూల దానంతట అదే ఏటవాలుగా కూర్చుంటుంది. వెనక వైపు చేత్తో హెమ్మింగ్.

మిషను లేకపోతే

కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లాలో, ఎల్లాపురం, హళియాళ పరిసరాల్లో ఉండే సిద్ది స్త్రీలు కవంది అనే బొంతను పూర్తిగా చేత్తోనే కుడతారు. ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి వాళ్లు. వారి పద్ధతిలో పై పొర అంటూ విడిగా తయారవదు. అడుగు చీర మీద ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముక్క అంచు లోపలికి మడిచి, పొరలన్నీ కలిసేలా కుడుతూ, చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. ముక్క అయిపోగానే ఇంకోటి దాని కింద దూరుస్తారు. చివర నాలుగు మూలల్లోనూ మడిచిన చిన్న ముక్కోణపు గుడ్డలు పెడతారు, వాటిని ఫూల అంటారు, అవి లేనిదే బొంత పూర్తయినట్టు కాదు. ఇందులో పావు అంగుళం బెడద లేదు. మడత అర అంగుళానికి తగ్గకుండా చూసుకోవాలి, అంతకంటే తక్కువైతే ఉతుకులో పోగులు బయటికి వస్తాయి. లోపలికి వస్తున్న కొద్దీ గుడ్డ పోగవుతుంది కాబట్టి మొత్తానికి ముందే టాకాలు వేసుకోండి. 24 అంగుళాలతో మొదలుపెడితే చేయి అలవాటవుతుంది.

మొదటి రెండు ఉతుకులూ విడిగా, చన్నీళ్లలో. పిండొద్దు, బకెట్టు అంచున వేసి నీళ్లు కారనివ్వండి. తడిసిన బొంత బరువు మూడింతలవుతుంది. ఒక మూల పట్టి తాడుకు వేలాడదీస్తే ఆ మూల సాగిపోతుంది. రెండు తాళ్ల మీద పడేలా పరిచి, వెనక వైపు ఎండకు ఉండేలా ఆరేయండి.